కారేపల్లి కింద మంచు

మంచు మీద స్కీలు కట్టుకుని జారుతూ పోవడం గురించి చెప్పడానికి కారేపల్లి కంటే పనికిరాని ఊరు ఉండదనిపిస్తుంది. ఖమ్మం జిల్లాలో సింగరేణి మండలానికి అది కేంద్రం. డోర్నకల్ నుంచి కొత్తగూడెం పోయే రైలు దారిలో ఇల్లెందు పాయ చీలే జంక్షన్. డిసెంబరు చివర్లో తెల్లవారుజామున 12, 13 డిగ్రీలకు దిగిందంటే జనం చలిమంటల చుట్టూ చేరి ఈ ఏడు చలి ముదిరిందంటారు. పత్తి చేల మీదా మిరప తోటల మీదా పరుచుకునే తెల్లదనమంతా పొగమంచే. పొద్దెక్కితే ఆనవాలు కూడా ఉండదు. నీళ్లు గడ్డకట్టడం ఇక్కడివాళ్లు ఫ్రిజ్‌లోనే చూస్తారు.

అయినా స్కీ కథను కారేపల్లి నుంచే మొదలుపెట్టాలి. ఈ మండలానికి పేరిచ్చిన సింగరేణి గ్రామమే మన బొగ్గు కంపెనీకీ పేరిచ్చింది. ఆ బొగ్గు, మంచు వెనక్కి తగ్గిన నేల మీద మొలిచిన అడవి. దాని అడుగున ఇప్పటికీ ఆ మంచు ఈడ్చుకొచ్చిన రాళ్లున్నాయి. అదే అడవి తాలూకు ఆకు ముద్రలను దక్షిణ ధ్రువం దారిలో ఏరి, చచ్చేదాకా వదలకుండా మోసుకొచ్చినవాళ్లు స్కీల మీద తిరిగినవాళ్లు. స్కీ ఎందుకు జారుతుందో తెలిస్తే ఆ రాళ్ల మీది గీతలు ఎలా పడ్డాయో సగం తెలిసినట్టే. అందుకని ముందు స్కీ సంగతి చూద్దాం.

కొండ వాలున దూకే స్కీ ఒకటి, చదునైన మంచు మీద నడిచే స్కీ మరొకటి. మనకు కావలసింది రెండోది. ఉత్తర ఐరోపాలో, సైబీరియాలో ఇది ఆట కాకముందు వేలయేళ్లు ప్రయాణ సాధనం. స్వీడన్‌లో కాల్వ్‌ట్రాస్క్ దగ్గర బురద నేలలో దొరికిన చెక్క స్కీల వయసు 5 వేల ఏళ్లకు పైమాటే. సన్నటి పొడవాటి పలక, ముందు కొస పైకి వంచి ఉంటుంది. బూటు ముందు భాగాన్ని మాత్రమే దానికి బిగిస్తారు; మడమ లేస్తుంది. ఒక కాలితో వెనక్కి తన్ని, రెండో కాలి మీద ముందుకు జారడమే నడక.

ఇందులో చిక్కు ఏమిటంటే, జారే పలకతో తన్నడం ఎలా? తన్నేటప్పుడు స్కీ మంచును పట్టుకోవాలి, మరుక్షణం అదే స్కీ జారాలి. దీనికి దొరికిన ఉపాయం నాకు చాలా ఇష్టం. స్కీని బల్లపరుపుగా చేయరు, మధ్యలో కాస్త పైకి విల్లులా వంచుతారు. రెండు కాళ్ల మీద బరువు పంచుకుని జారుతున్నప్పుడు ముందు కొస, వెనక కొస మాత్రమే మంచుకు తగులుతాయి. అక్కడ జారే మైనం పూస్తారు. ఒక కాలి మీద మొత్తం బరువు వేసి తన్నినప్పుడు విల్లు వంగి మధ్యభాగం మంచులోకి దిగుతుంది. అక్కడ జిగురు మైనం ఉంటుంది, అది పట్టుకుంటుంది. మైనాలు లేని రోజుల్లో అడుగున జంతు చర్మం అంటించేవారు. వెంట్రుకలు వెనక్కి వాలి ఉంటాయి కాబట్టి ముందుకు పోతే పడుకుంటాయి, వెనక్కి తోస్తే నిక్కబొడుచుకుని అడ్డం తన్నుతాయి.

పట్టు సంగతి తేలింది. జారడం ఎలా? చాలాకాలం పాఠ్యపుస్తకాలు చెప్పిన జవాబు, బరువుకు మంచు కరుగుతుందని. నీరు గడ్డకడితే ఉబ్బుతుంది కాబట్టి, గడ్డను గట్టిగా నొక్కితే అది తక్కువ చోటు పట్టే నీరుగా మారాలని చూస్తుంది. సూత్రం నిజమే. కానీ లెక్క కట్టి చూడండి. 2 మీటర్ల పొడవు, నాలుగున్నర సెంటీమీటర్ల వెడల్పున్న స్కీ అడుగు 900 చదరపు సెంటీమీటర్లు. 60 కిలోల మనిషి ఒంటికాలి మీద నిలబడ్డా చదరపు సెంటీమీటరుకు 67 గ్రాములు పడుతుంది. మన నెత్తి మీద గాలి మోపుతున్న పీడనంలో ఇది పదిహేనో వంతు. మంచు కరిగే ఉష్ణోగ్రత ఒక్క డిగ్రీ దిగాలంటే గాలి పీడనానికి సుమారు 135 రెట్లు కావాలి. మంచు రేణువుల కొసల మీదే బరువంతా పడుతుంది కాబట్టి అసలు ఒత్తిడి ఈ లెక్క కంటే వంద రెట్లు ఉంటుందనుకున్నా, డిగ్రీలో ఇరవయ్యో వంతు దిగితే గొప్ప. మైనస్ పది డిగ్రీల్లో కూడా స్కీ హాయిగా జారడానికి ఇది ఏ మూలకూ చాలదు.

నొక్కకపోయినా గడ్డ పైపొరలో అణువులు వదులుగా ఉంటాయని, సన్నటి తడి పొర ఎప్పుడూ ఉంటుందని 1850లో మైకేల్ ఫారడే సూచించాడు. ఆయన మాట సరైనదేనని ఒప్పుకోవడానికి సైన్సుకు వందేళ్లు పైనే పట్టింది. ఇక స్కీ విషయానికొస్తే, 1939లో బౌడెన్, హ్యూస్ అనే ఇద్దరు స్విట్జర్లాండ్‌లో యుంగ్‌ఫ్రావ్‌యోఖ్ పరిశోధన కేంద్రం దగ్గర మంచులో తొలిచిన గుహలో ప్రయోగాలు చేసి, మంచును కరిగిస్తున్నది ముఖ్యంగా రాపిడి వేడి అని చూపించారు. మామూలు నడకలో స్కీ మీద రాపిడి రమారమి 50 వాట్ల వేడి పుట్టిస్తుంది. చేతులు కాచుకోవడానికి చాలదు గానీ, రేణువుల కొసలు మాత్రమే తగిలే చోట కంటికి కనిపించనంత పల్చటి నీటి పొర పుట్టడానికి చాలు. స్కీ పోతున్నది మంచు మీద కాదు, తాను అప్పటికప్పుడు చేసుకుంటున్న నీటి మీద.

దీన్ని మనవాళ్లకు కొత్తగా చెప్పాల్సిన పనిలేదు. దమ్ము చేసిన మడిలో చదును చెక్క కట్టి, దాని మీద మనిషి నిలబడితే ఎద్దులు సులువుగా లాక్కుపోతాయి. పలచగా నీరున్నంతసేపే ఆ సుఖం. నీరింకిన చోట అదే చెక్క, అదే మనిషి, ఎద్దులు మోకాళ్ల మీద పడతాయి. మంచు మీద ఈ నీరింకడం చలి వల్ల జరుగుతుంది. మైనస్ ముప్పై, నలభైలలో రాపిడి వేడంతా రేణువులను కరిగే దాకా వేడెక్కించడానికే సరిపోదు. నీరు పుట్టదు. స్కీ పొడి రేణువుల మీద గీరుకుంటుంది.

ఈ పాఠాన్ని ఒళ్లు హూనం చేసుకుని నేర్చుకున్నవాళ్లు కెప్టెన్ స్కాట్ బృందం. అంటార్కిటికాలో రాస్ దీవి తీరాన కేప్ ఎవాన్స్ దగ్గర వాళ్ల గుడిసె. స్కీ నేర్పడానికి ట్రిగ్వె గ్రాన్ అనే నార్వే యువకుణ్ని వెంట తెచ్చుకున్నారు. 1912 జనవరి 17న ఐదుగురు దక్షిణ ధ్రువం చేరారు. నార్వేకు చెందిన అముండ్‌సెన్ అంతకు నెల ముందే, 1911 డిసెంబరు 14న, అక్కడ జెండా పాతి వెళ్లిపోయాడు. ఐదుగురిలో నలుగురు స్కీల మీద, ఒకడు కాలినడకన వెళ్లారు. ఆ ఒకడు బవర్స్. అతని జట్టు స్కీలను దారిలో డిపోలో వదిలేశాక, స్కాట్ చివరి క్షణంలో అతన్ని ధ్రువ బృందంలో చేర్చుకున్నాడు. మిగతావాళ్లు జారుతుంటే అతను మంచులో దిగబడుతూ బండి లాగాడు.

బండి అంటే చక్రాలు లేని మంచుబండి. కుక్కలతో కాక మనుషులే పట్టెడలు వేసుకుని లాగారు. తిరుగు ప్రయాణంలో మార్చి నాటికి చలి మైనస్ నలభై దాకా దిగింది. మంచు ఇసుకలా మారిందని, బండి కదలనంటోందని వాళ్లు డైరీల్లో మళ్లీ మళ్లీ రాసుకున్నారు. అది నిస్పృహలో అన్న మాట కాదు, సరైన భౌతికశాస్త్రం. మంచి మంచు మీద రాపిడి గుణకం 0.05 అనుకుంటే 100 కిలోల బండికి 5 కిలోల లాగుడు చాలు. అది 0.2కు పెరిగిందా, 20 కిలోలు లాగాలి. తిండి చాలక, వేళ్లు చలికి కొరుక్కుపోయి, రోజుకు తొమ్మిదీ పది గంటలు.

అటువంటి బండిలో వాళ్లు రాళ్లు పెట్టుకున్నారు. 1912 ఫిబ్రవరి 8న బియర్డ్‌మోర్ హిమానీనదం పక్కన బక్లీ పర్వతం కింద ఆగి, ఐదుగురిలో ఒకడైన విల్సన్, మిగతావాళ్లు కలిసి ఏరినవి. ఆ కొండలో బొగ్గు పొరలున్నాయి. రాళ్ల మీద ఆకుల ముద్రలున్నాయి. మొత్తం 16 కిలోలు. తర్వాత ఎన్నో సామాన్లు పారేశారు గానీ వీటిని పారేయలేదు. ఇది తెలివితక్కువ పని అని అప్పుడూ ఇప్పుడూ అనేవాళ్లున్నారు. కానీ లాగాల్సిన మొత్తం బరువులో అది చిన్న భాగమే. వాళ్లను చంపింది ఆకలి, చలి, ఆ పొడి మంచు. నవంబరు 12న వెతకవచ్చిన బృందానికి గుడారం కనిపించింది, తర్వాతి ఆహార డిపోకు 18 కిలోమీటర్ల దూరంలో. రాళ్లు బండిలోనే ఉన్నాయి. గ్రాన్ తన సొంత స్కీలను శిలువగా కట్టి మంచు దిబ్బ మీద నిలిపి, స్కాట్ స్కీలు తొడుక్కుని తీరానికి తిరిగి వచ్చాడు.

కేంబ్రిడ్జిలో సీవర్డ్ అనే శాస్త్రవేత్త ఆ రాళ్లను పరీక్షించి 1914లో నివేదిక ఇచ్చాడు. ఆకు పేరు గ్లోసోప్టెరిస్ ఇండికా. అంటార్కిటికాలో దొరికిన ఆకుకు భారతదేశం పేరు ఉండడానికి కారణం సులువే: అది అప్పటికే మన బొగ్గు గనుల్లో బాగా తెలిసిన ఆకు. గ్లోసోప్టెరిస్ ప్రజాతిని 1828లోనే ఫ్రెంచి శాస్త్రవేత్త బ్రొన్యార్ వర్ణించాడు.

గోదావరి లోయ బొగ్గు బాయిల్లో పనిచేసేవాళ్లకు ఈ ఆకు శాస్త్రం పేరుతో తెలియకపోవచ్చు గానీ, కంటికి తెలుసు. బొగ్గు పొరల మధ్య వచ్చే బూడిదరంగు షేల్ పలకను చీలిస్తే లోపల నల్లగా అచ్చుపడి ఉంటుంది. నాలుక ఆకారం, జానెడు పొడవు, నడుమ గట్టి ఈనె, దాని నుంచి రెండు వైపులా వలలా అల్లుకున్న సన్న ఈనెలు. ఒక్కటి దొరకడం అరుదు. దొరికితే ఒకదాని మీద ఒకటి గుట్టగా ఉంటాయి, ఒకేసారి రాలినట్టు. రాలినవే. ఇవి ఏటా ఆకు రాల్చిన చెట్లు. వాటి కలప శిలాజాల్లో స్పష్టమైన వార్షిక వలయాలున్నాయి. వేసవిలో పెరిగి, చలికాలంలో బొత్తిగా ఆగిపోయిన చెట్లకే అలాంటి వలయాలు పడతాయి. ఇప్పుడు మన అడవిలో టేకు ఎండాకాలానికి నీళ్లు చాలక ఆకు రాలుస్తుంది. ఆ చెట్లు రాల్చింది నెలల తరబడి వెలుతురు సన్నగిల్లే దూర దక్షిణపు శీతాకాలానికి.

ఎందుకంటే అప్పుడు కారేపల్లి ఉన్నది ఇక్కడ కాదు. దాదాపు 30 కోట్ల ఏళ్ల కిందట మన దేశం భూమధ్యరేఖకు చాలా దిగువన, అంటార్కిటికా, ఆస్ట్రేలియా, ఆఫ్రికాలతో అతుక్కుని గోండ్వానా అనే ఒకే ఖండంలో భాగంగా ఉంది. ఈ పేరు పుట్టింది మన గోండుల నేల నుంచే. 1870లలో భారత భూగర్భ సర్వే శాస్త్రవేత్తలు మధ్య భారతంలో బొగ్గున్న శిలలకు పెట్టుకున్న పేరు తర్వాత ఖండానికే అతికింది. ఆ సర్వేకు చెందిన విలియం కింగ్ 1871లో ఇల్లెందు దగ్గర బొగ్గును గుర్తించాడు. భద్రాచలం యాత్రకు పోయేవాళ్లు మూడు రాళ్లు పెట్టి పొయ్యి వెలిగిస్తే రాళ్లే అంటుకున్నాయని ఒక కథ చెప్పుకుంటారు. కథ ఎవరిదైనా 1889లో తవ్వకం మొదలైంది. రైలూ వచ్చింది, కారేపల్లి జంక్షనూ అయింది.

ఇక బొగ్గు కిందికి దిగుదాం. గోండ్వానా శిలల్లో అన్నిటికంటే అడుగున ఉండేవాటిని ఒడిశాలోని తాల్చేర్ పేరు మీద తాల్చీర్ శిలలంటారు. గోదావరి లోయలోనూ బొగ్గు పొరలకు దిగువన ఇవి ఉన్నాయి. బొగ్గు కంపెనీలకు వీటి మీద ఆసక్తి లేదు. డ్రిల్లింగులో తాల్చీర్ తగిలిందంటే ఇక కింద బొగ్గు లేదని అర్థం, పని ఆపేస్తారు. అందుకే అక్కడున్న వింత గురించి మన పుస్తకాల్లో మాట వినపడదు. నాకైతే బొగ్గు కంటే ఇదే పెద్ద విశేషం.

తాల్చీర్‌లో అట్టడుగు పొరలో మనిషంత బండా, గుప్పెడు గులకరాయీ, మెత్తటి మట్టీ ఒకే ముద్దలో కలిసి ఉంటాయి. నది ఎప్పుడూ ఇలా చేయదు. కిన్నెరసాని వాగునే చూడండి: వడి ఉన్న చోట రాళ్లు, తగ్గిన చోట ఇసుక, నిలిచిన చోట ఒండ్రు, దేని వరస దానిదే. బండనూ బురదనూ ఒకే చోట దించి పోవడం మంచుగడ్డ తీరు; కరిగిన చోట మోసుకొచ్చినదంతా వదిలేస్తుంది. 1856లో ఆ సర్వేకే చెందిన బ్లాన్‌ఫర్డ్ సోదరులు, థియోబాల్డ్ తాల్చేర్‌లో ఈ పొరను చూసి, ఇది మంచు పనే అయి ఉంటుందన్నారు. ఉక్కపోతలో చెమటలు కక్కుతూ ఒడిశా అడవిలో ఆ మాట రాయడానికి ధైర్యం కావాలి.

సాక్ష్యం కోసం ఆ ముద్ద నుంచి ఒక రాయిని ఊడదీసి చూడాలి. నది గులకరాయి అన్ని వైపులా గుండ్రంగా ఉంటుంది. ఇది అలా ఉండదు. అంచులు కాస్త మొద్దుబారినా, ఒక వైపు సాన పట్టినట్టు బల్లపరుపుగా అరిగి ఉంటుంది. ఆ చదును ముఖాన్ని ఏటవాలు ఎండలో పట్టుకుంటే సన్నటి గీతలు కనిపిస్తాయి. అడ్డదిడ్డంగా కాదు, దాదాపు సమాంతరంగా. కొన్ని రాళ్ల మీద ఒక వరస గీతలను దాటుతూ ఇంకో దిశలో మరో వరస ఉంటుంది. రాయి గడ్డలో ఇరుక్కుని, అడుగు నేల మీద ఈడ్చుకుపోయింది. మధ్యలో కాస్త తిరిగి, మళ్లీ ఇరుక్కుని, ఇంకో ముఖం అరిగింది. ఈడ్చిన నేల మీద కూడా గీతలు పడాలి కదా. పడ్డాయి. 1875లో ఫెడెన్ అనే సర్వే ఉద్యోగి చంద్రపూర్ దగ్గర పెన్‌గంగ ఒడ్డున ఇరై గ్రామంలో, తాల్చీర్ పొర కింద సున్నపురాయి నేల నున్నగా అరిగి, గాడులు పడి ఉండడం గురించి ప్రకటించాడు. అది ఆదిలాబాద్ సరిహద్దు పక్కనే. ఆ పెన్‌గంగ నీళ్లే వార్ధాలో, ప్రాణహితలో, గోదావరిలో కలిసి భద్రాచలం రామయ్య పాదాల దగ్గరికి వస్తాయి.

అంత బరువైన గడ్డ నేల మీద ఎలా జారింది? స్కీ విషయంలో మనం కొట్టిపారేసిన సిద్ధాంతం ఇక్కడ తల ఎత్తుతుంది. ఒక కిలోమీటరు మందాన మంచు పేరుకుంటే అడుగున పడే ఒత్తిడి గాలి పీడనానికి 90 రెట్లు. కరిగే ఉష్ణోగ్రత డిగ్రీలో మూడింట రెండు వంతులు దిగుతుంది. స్కీకి అందని పని హిమానీనదానికి అందింది. దీనికి తోడు భూమి లోపలి వేడి నిరంతరం పైకి వస్తుంది. పైనున్న మందపాటి మంచు దుప్పటి ఆ వేడిని బయటికి పోనివ్వదు. అడుగున నీటి పొర ఏర్పడి, గడ్డంతా దాని మీద జారుతుంది. దారిలో బండ అడ్డొస్తే ఎగువ వైపు ఒత్తిడికి గడ్డ కరిగి, నీరు చుట్టూ తిరిగి, దిగువ వైపు ఒత్తిడి లేక మళ్లీ గడ్డకడుతుంది. ఆ గడ్డకట్టేటప్పుడే చీలికల్లోని రాళ్లను పట్టుకుని పీకేస్తుంది. వాటితోనే ముందు నేలను గీరుతుంది.

చలికి ఇంకో సాక్ష్యం రంగులో ఉంది. కారేపల్లి చుట్టూ నేల ఎరుపు. వేడికీ వానకీ రాళ్లలోని ఇనుము తుప్పు పడుతుంది, ఫెల్డ్‌స్పార్ అనే ఖనిజం కుళ్లి బంకమన్ను అవుతుంది. తాల్చీర్ ఇసుకరాయీ షేలూ లేత ఆకుపచ్చ. వాటిలో ఫెల్డ్‌స్పార్ గింజలు నిన్న విరిగినంత తాజాగా ఉంటాయి, చలిలో కుళ్లడం సాగలేదు కాబట్టి. ఆ షేల్ చేత్తో విరిస్తే సన్నటి పుల్లలుగా విడిపోతుంది. అక్కడక్కడా సన్న పొరల మధ్య తలకాయంత రాయి ఒంటరిగా కూరుకుని, కింది పొరలను లొట్టబెట్టి ఉంటుంది. నిశ్చలమైన నీటి మీద తేలుతూ వచ్చిన మంచు ముక్క కరిగి జారవిడిచిన రాయి అది.

ఆ తర్వాత మంచు కరిగింది. దాని చోట ఏర్పడిన చిత్తడి నేలల్లో గ్లోసోప్టెరిస్ అడవి పెరిగి, కూలి, పూడి బొగ్గయింది. సుమారు 13 కోట్ల ఏళ్ల కిందట అంటార్కిటికా మన తూర్పు తీరం నుంచి విడిపోయింది. విడిపోయిన అంచు ఇప్పటికీ పోల్చుకోవచ్చు. భద్రాచలం దాటాక పాపికొండల వైపు లేచే తూర్పు కనుమల శిలలూ, అంటార్కిటికాలో రేనర్ ప్రాంతపు శిలలూ దాదాపు 100 కోట్ల ఏళ్ల కిందట ఒకే వేడిలో ఉడికినవి. దానికి తూర్పున లార్స్‌మన్ కొండల తీరంలో మన భారతి పరిశోధన కేంద్రం 2012లో తెరుచుకుంది. 2007 నుంచి ఆ తీరం అంటార్కిటికా ఒప్పందం కింద ప్రత్యేక నిర్వహణ ప్రాంతం. అక్కడ వాహనం ఎటు పోవాలో, మనిషి ఎక్కడ అడుగు పెట్టాలో కూడా నియమాలున్నాయి. చలికాలంలో ఆ నిశ్శబ్ద తీరం మీద స్కీ నడకను ఊహించుకోండి; 30 కోట్ల ఏళ్ల నాటి మన ప్రాంతానికి అంతకంటే దగ్గరి పోలిక దొరకదు.

అప్పటి తీరమే చూడాలంటే అంత దూరం పోనక్కర్లేదు. ఛత్తీస్‌గఢ్‌లో మనేంద్రగఢ్ దగ్గర హస్దేవ్ నది ఒడ్డున తాల్చీర్ పొరల్లో సముద్రపు గవ్వలున్నాయి. మంచు కరిగి సముద్రమట్టం పెరిగినప్పుడు ఒక చల్లటి సముద్రపు పాయ దేశం నడిబొడ్డు దాకా చొచ్చుకొచ్చింది. దాన్ని జాతీయ భూగర్భ వారసత్వ స్థలంగా గుర్తించారు, గోండ్వానా సముద్ర శిలాజ పార్కు అంటున్నారు. అక్కడి గవ్వల్లో ముఖ్యమైనది యూరిడెస్మా. చన్నీళ్లలో, అలల తాకిడిలో బతకడానికి అలవాటుపడ్డ ఆల్చిప్ప. అలకు దొర్లిపోకుండా కీలు దగ్గర పెంకు బాగా మందంగా ఉంటుంది. ఆస్ట్రేలియా, నమీబియా, అర్జెంటీనా, పాకిస్తాన్‌లోని ఉప్పు కొండల్లోనూ ఇదే గవ్వ దొరుకుతుంది. అక్కడా దాని పొరల కిందో పక్కనో మంచు ఈడ్చిన రాళ్లుంటాయి.